వెనక్కి తీసుకున్న క్షమాపణ

"ఈ పిల్లది ఎడమచేతి వాటమే అయితే ఏం చెయ్యాలి?"

సయోకో ఆ మాట ఎవరినీ ఉద్దేశించి అనలేదు. కంప్యూటరు తెర మీద కదలకుండా ఆగిపోయిన బొమ్మను చూస్తూ తనలో తాను అనుకోబోయి పైకే అనేసింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న కరసావా మిత్సుయేకి వినబడింది.

"ఏ పిల్లది?"

"మా నాగిసాది. చెంచా కుడిచేతిలో పెడతానా, రెండు ముద్దలు తినగానే ఎడమచేతిలోకి మార్చేసుకుంటుంది. ఆదివారం మా అత్తగారు చూశారు. ఇప్పుడే మాన్పించకపోతే రేపు బడిలో బ్రష్షు పట్టి అక్షరాలు దిద్దేటప్పుడు అందరి ముందూ ఏడుస్తుందట."

"చెంచా నోట్లోకే పోతోందా?"

"నోట్లోకే."

"ముక్కులోకి పోయిన రోజు చెప్పు, ఆలోచిద్దాం."

మిత్సుయే తల తిప్పకుండానే జవాబిచ్చింది. ఆమె చేతికింద ఒక రోబో భుజం చుక్క చుక్కగా తయారవుతోంది.

తొంభైల నడిమి సంవత్సరాలవి. టోక్యో పడమటి వైపు, కమి-ఇగుసా స్టేషను పక్క సందులో, టోఫూ కొట్టు మేడమీద ఉండేది ఆ కార్యాలయం. తెల్లారేసరికి ఉడికిన సోయాపాల వాసన మెట్ల మీదుగా పైకొచ్చి కంప్యూటర్ల వేడిలో కలిసిపోయేది. అక్కడ పనిచేసే పదిమందీ ఒకే ఆట మీద బతికేవాళ్ళు. పాతికేళ్ళుగా టీవీలో వచ్చిన మహా రోబోలన్నిటినీ ఒక్కచోట చేర్చి, ఒకే శత్రువు మీదికి పంపే వీడియోగేమ్ అది. పేరు 'మహాకూటమి'. ఏడాదికో భాగం వచ్చేది. ఆట సొంతదారు పెద్ద కంపెనీ. బొమ్మలు గీసి కదిలించే కూలిపని ఈ మేడమీది వాళ్ళది.

సయోకో భౌతికశాస్త్రం చదివింది. నక్షత్రాల లోపల ఏం జరుగుతుందో లెక్కలు కట్టాలనుకున్న మనిషి, ఇప్పుడు రోబో పిడికిలి ఎంత వేగంతో వెళ్తే దెబ్బ గట్టిగా తగిలినట్టు ఉంటుందో లెక్క కడుతోంది. కూతురు నాగిసాకి ఏడాదిన్నర. ప్రతి పగలూ శిశుసంరక్షణ కేంద్రం నుంచి ఫోను వస్తుందేమోనని సగం చెవి అటే ఉంచేది. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, వచ్చి తీసుకెళ్ళమనేవాళ్ళు. ఫోను వస్తే లేచి నిలబడి గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ వంగి వంగి క్షమించమని చెప్పి, మెట్లు దిగుతూ టోఫూ కొట్టాయనకి కూడా చెప్పి వెళ్ళేది. ఆయనకి ఎందుకో ఆయనకీ తెలియదు.

మిత్సుయేని అందరూ పెద్దక్క అనేవాళ్ళు. యాభైకి దగ్గర పడిన మనిషి. నీగతా వైపు, ఉలులూ కత్తెరలూ తయారయ్యే సంజో ఊరు ఆమెది. చిన్నప్పుడు ఎడమచేత్తో చాప్‌స్టిక్కులు పట్టుకుంటే నాయనమ్మ ఆ చేతిని వంటింటి ఆప్రాను తాడుతో నడుముకు కట్టేసి భోజనానికి కూర్చోబెట్టేదట. అలా కొన్నేళ్ళకి కుడిచెయ్యి పని నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ళకి టోక్యో వచ్చి, కార్టూన్లు తీసే చోట రంగులు వేసే పనిలో చేరింది. పారదర్శకమైన రేకుల మీద గీసిన గీతల మధ్య, వెనకవైపు నుంచి రంగు నింపాలి. ఇరవై ఏళ్ళు అదే చేసింది. ఆ పని చవకగా దొరికే దేశాలకు తరలిపోయాక, చేతులు ముడుచుకోకుండా గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి చుక్కల బొమ్మలు నేర్చుకుని ఇక్కడికొచ్చింది.

"రేకు మీద రంగు కారిపోతే తుడవచ్చు. చుక్క కారదు. ఇది సుఖమైన పని," అనేది. అది సుఖమైన పని కాదని అందరికీ తెలుసు.

మహాకూటమి పని లోపలినుంచి చూస్తే సగం బొమ్మలు, సగం రాజీలు. ఒక్కో రోబో ఒక్కో కంపెనీ ఆస్తి. ఏ కంపెనీకీ తమ కథానాయకుడు ఇంకో కంపెనీ కథానాయకుడి చేతిలో ఓడిపోవడం ఇష్టం ఉండదు కాబట్టి, ప్రాణం సున్నా అయిన రోబో ముక్కలవదు, 'వెనుదిరిగింది' అంటారు. ఎవరి పేరు ముందు రాయాలన్న తగువు రాకుండా అక్షరక్రమంలో రాస్తారు. మూడంతస్తుల ఎత్తున్న రోబో, కొండంత ఎత్తున్న రోబో పక్కపక్కన ఒకే పొడవులో నిలబడతాయి. పొట్టివాడి సొంతదారు చిన్నబుచ్చుకోకూడదు కదా. మొదటి భాగంలో రోబోల కళ్ళలో నల్లగుడ్లు గీశారు, పిల్లలకి ముద్దొచ్చాయి. ఒక కంపెనీవారు మాత్రం, మా రోబో ఎటు చూస్తోందో జనానికి తెలిసిపోవడం మాకిష్టం లేదన్నారు. దాని కళ్ళలో గుడ్లు చెరిపేసిన చెయ్యి కూడా పెద్దక్కదే.

ఆట చివర్లో పనిచేసినవాళ్ళ పేర్లు వచ్చేటప్పుడు అసలు పేర్లుండవు. ఇతర కంపెనీలు మంచి పనివాళ్ళని ఎగరేసుకుపోతాయన్న భయంతో అందరికీ ముద్దుపేర్లే. మిత్సుయే పేరు 'ఉమెబోషి'. రోజూ ఉప్పులో ఊరేసిన ఆ పుల్లటి పండు పెట్టిన అన్నం ఉండ తెచ్చుకునేది కాబట్టి అని పైకి చెప్పేవాళ్ళు. మాట పులుపు కాబట్టి అని కింద టోఫూ కొట్లో చెప్పేవాళ్ళు.

ఆ ఏడాది కూటమిలోకి కొత్తగా చేరింది డోగారాన్. కొత్తగా అంటే ఆటకి కొత్త. టీవీలో డెబ్భైలలో వచ్చి, బొమ్మలు అమ్ముడుపోక అర్ధాంతరంగా ఆగిపోయిన కథ. ఆఖరి యుద్ధం అసలు తీయనే లేదు. జాలరివాళ్ళ పిల్లవాడొకడు ఆ రోబోని నడుపుతాడు. వాడి కదలికల్నే రోబో అనుకరిస్తుంది. వాడిది ఎడమచేతి వాటం, కాబట్టి డోగారాన్ కూడా కత్తి ఎడమచేత్తోనే దూస్తుంది. ఆ రేకులకి రంగు వేసినవాళ్ళలో ఇరవై రెండేళ్ళ మిత్సుయే కూడా ఉంది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఆటలో మనవాళ్ళు తెర కుడివైపు నిలబడి ఎడమకి చూస్తారు, శత్రువులు ఎదురుగా నిలబడతారు. ఆట ఎక్కించే క్యాసెట్‌లో జాగా తక్కువ, ఆ జాగా లెక్కలు చూసేది సయోకో. అందుకని ప్రతి రోబోనీ ఒకవైపుకే గీస్తారు. అది ఎప్పుడైనా పక్షం మారితే అద్దంలో లాగా తిప్పేస్తారు. తిప్పితే చేతులు తారుమారవుతాయి, కానీ పక్షం మారే రోబోలు అరుదు. డోగారాన్ మాత్రం సగం కథ దాకా మోసపోయి శత్రువుల వైపు ఉంటుంది, తర్వాత మనవైపు వస్తుంది. తిప్పేస్తే సగం ఆటలో అది కుడిచేతి రోబో.

పెద్దక్క ఎవర్నీ అడగలేదు. రెండువైపులకీ రెండు జతల బొమ్మలు గీసేసింది. రెండింటిలోనూ కత్తి ఎడమచేతిలోనే ఉంది.

కార్యాలయం యజమాని సకుమా మెత్తని మనిషి. ఆయన బల్ల పక్క అల్మరాలో తీపి యోకాన్ పెట్టెలు దొంతరగా ఉండేవి. ఏదైనా పొరపాటు జరిగితే పట్టుకెళ్ళి సమర్పించుకోవడానికి. బొమ్మలు హక్కుదారులకు చూపించడానికి పంపేటప్పుడు, వాళ్ళు తప్పు పట్టకముందే ఒక క్షమాపణ రాసి జతచేయడం ఆయన అలవాటు. ముందే వంగినవాడిని ఎవరూ కొట్టరని ఆయన నమ్మకం. డోగారాన్ బొమ్మలతో కూడా రాశాడు. మావాళ్ళ అజాగ్రత్త వల్ల కత్తి రెండువైపులా ఎడమచేతిలోనే పడింది, మన్నించండి, అని.

డోగారాన్ హక్కుల కార్యాలయంవారు బొమ్మలు ఆమోదిద్దామనే ముద్ర చేతిలోకి తీసుకున్నారట. క్షమాపణ చదివి ఆగిపోయారు. పాత మూల చిత్రం తీసి చూశారు. అందులో రోబో ఖాళీ చేతులతో నిలబడి ఉంది. అప్పట్లో అమ్మిన ప్లాస్టిక్ బొమ్మ ఫొటో చూశారు. ఆ బొమ్మల తయారీవాళ్ళు ఇతర రోబోల అచ్చునే వాడుకున్నారు కాబట్టి కత్తి కుడి పిడికిట్లోనే దూరుతుంది. ఇంకేం, బొమ్మల మీద ఎర్ర పెన్సిలుతో రాసి పంపించారు. 'కత్తి కుడిచేతికి మార్చవలెను. రెండోవైపు మామూలుగా తిప్పితే చాలు.'

ఆ కాగితం వచ్చిన పొద్దున పెద్దక్క సకుమా బల్ల ముందు నిలబడింది.

"ఎవరడిగారండీ మిమ్మల్ని క్షమాపణ?"

"ఎవరూ అడగలేదు. అదే కదా మర్యాద."

"వాళ్ళు పట్టుకోని తప్పుని మీరు పట్టించారు. అది తప్పు కూడా కాదు."

"మిత్సుయే గారూ, నెలాఖరుకి క్యాసెట్ అచ్చుకి వెళ్ళాలి. కత్తి ఈ చేతిలోంచి తీసి ఆ చేతిలో పెట్టండి. మీకు పూట పని."

"పెట్టను."

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. కాదనాలంటే అక్కడ 'కొంచెం కష్టమేమో' అని తల వంచి గొణుగుతారు. పెట్టను అని ఎవరూ అనరు.

"పెట్టకపోతే రోబోనే తీసేయాల్సొస్తుంది," అన్నాడు సకుమా. "ఎర్ర పెన్సిలు రాతని కాదని నేను ఆట పంపించలేను. అసలు రెండో జతకి జాగా ఎక్కడుంది? సయోకో గారూ, ఉందా?"

సయోకో లేచి నిలబడింది. "క్షమించండి, లేదండీ."

పెద్దక్క ఆమె వైపు చూసింది. కోపంగా కాదు. ఆ చూపు కోపంగా ఉన్నా బాగుండేదని సయోకోకి అనిపించింది.

మధ్యాహ్నం ఇద్దరూ మెట్లమీద కూర్చుని అన్నం ఉండలు తిన్నారు. "పెద్దక్కా, ఒక్క చెయ్యి కోసం ఎందుకింత?" అని సయోకో అడిగింది.

"ఒక్క చెయ్యి కోసమే. ఆ రోజుల్లో బొమ్మల వాళ్ళు ఎన్నిసార్లు వచ్చి కుడికి మార్చమన్నారో. మా దర్శకుడు మార్చలేదు. కథ ఆగిపోయింది. అది ఎడమచేత్తోనే ఆగిపోయింది. ఇప్పుడు నా చేత్తో నేను కుడికి కడతానా?" అన్నం ఉండ చుట్టూ ఉన్న నోరి నాచు పొరను చించుతూ ఆగింది. "కట్టేవాళ్ళు ఎప్పుడూ ఒకటే అంటారు. నీ మంచికే అని. మా నాయనమ్మ కూడా చెడ్డ మనిషి కాదు."

సయోకో తినడం ఆపేసింది. అద్దం గురించి ఆలోచిస్తోంది. అణువుల లోతుల్లో ప్రకృతి కూడా కుడినీ ఎడమనీ ఒకేలా చూడదని, అద్దంలో తిప్పితే మారిపోయే సంగతులు ఉన్నాయని ఆమె చదువుకుంది. తిప్పితే మారనివీ ఉన్నాయి. డోగారాన్‌లో తిప్పినా మారనిది ఏది? కాళ్ళు. నడుము కూడా. మారేది నడుముకి పైన. మొత్తం రెండో జత అక్కర్లేదు, సగమే కావాలి. ఆ సగానికైనా జాగా ఉందో లేదో ఆమె ఇంకా చూడలేదు.

ఆ మాట చెబితే పెద్దక్క అన్నం ఉండ గబగబా ముగించింది. "పద. హక్కులవాళ్ళ దగ్గరికి."

సకుమా ఆపలేదు. ఆపే పద్ధతి ఆయనకి రాదు. అల్మరాలోంచి అన్నిటికంటే పెద్ద యోకాన్ పెట్టె తీసి, ఊదారంగు బట్టలో మూటకట్టి సయోకో చేతిలో పెట్టాడు. "వెళ్ళగానే ఇది ఇవ్వండి. ముందు వంగండి, తర్వాత మాట్లాడండి. కుదిరితే మాట్లాడకండి."

రైల్లో మూట సయోకో ఒళ్ళో ఉంది. షింజుకులో దిగి రైలు మారేటప్పుడు, ప్లాట్‌ఫారం బెంచీ మీద పెద్దక్క ఆ మూట విప్పింది.

"అయ్యో, పెద్దక్కా. అది వాళ్ళకి."

"తప్పు చేసిన వాళ్ళు ఇచ్చే తీపి ఇది. మనం చేశామా?" పెట్టె రేపర్ చించి, రేకు కవరులోంచి ఒక కడ్డీ బయటికి నొక్కి, సగం విరిచి ఇచ్చింది. "తిను. సకుమా గారి క్షమాపణలు ఖరీదైనవి, రుచిగా ఉంటాయి."

సయోకో తింది. మిగతావి పక్క బెంచీ మీద కబుర్లాడుకుంటున్న ఇద్దరు ముసలమ్మలకి ఇచ్చేశారు.

హక్కుల కార్యాలయంలో వాళ్ళని కలిసిన అధికారి పేరు కితజుమే. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన, నిద్ర చాలని ముఖం. బార్లీ టీ తెప్పించాడు. వాళ్ళ చేతుల్లో మూట లేకపోవడం గమనించి, గమనించనట్టు కళ్ళు తిప్పుకున్నాడు.

"తప్పు అని మీరే రాశారు కదండీ," అన్నాడు ఆయన. "మీరే తప్పంటే, కాదు ఒప్పే అని నేనెలా అంటాను?"

"ఆ క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాం," అంది పెద్దక్క.

కితజుమే టీ గ్లాసు కింద పెట్టాడు. "వెనక్కి?"

"అవును. మీ దగ్గరే ఉందిగా, ఇచ్చేయండి."

"అంటే... క్షమాపణ స్వీకరించడానికి మాకు పద్ధతి ఉంది. తిరిగివ్వడానికి లేదండీ. ఇంతవరకూ ఎవరూ అడగలేదు." నుదురు రుద్దుకున్నాడు. "కత్తి ఏ చేతిలో ఉంటే ఏమిటండీ? అది రోబో. ఆడుకునే పిల్లలకి ఏం తెలుస్తుంది?"

"కుడిచేతి పిల్లలకి తెలియదు. ఎడమచేతి పిల్లలకి తెలుస్తుంది." ఆమె గొంతు పెంచలేదు. "ఇంకో మాట చెప్పనా? మీ వాడి పక్కన తక్కిన కంపెనీల వాళ్ళంతా నిలబడతారు. ఒకడికి కొమ్ములు, ఒకడికి రెక్కలు, ఒకడి ఛాతీలోంచి నిప్పులు. మీ వాడికి ఏముంది? ఒక కత్తి. అందరూ కుడిచేత్తో పట్టుకునే కత్తి. దాన్ని ఎడమచేత్తో పట్టుకుంటేనే వాడు వాడు. లేకపోతే గుంపులో ఇంకొకడు. మీ సొత్తుని మీరే గుంపులో కలుపుకుంటామంటే నేనేం చెయ్యను? కానీ ఆ బొమ్మ నేను గియ్యను, వేరేవాళ్ళ చేత గీయించుకోండి."

కితజుమే గ్లాసు పక్కకి జరిపాడు. తర్వాత సయోకో వైపు తిరిగాడు. "రెండువైపులా వేరే వేరేగా అంటే క్యాసెట్‌లో పడుతుందా? పడదనే కదా మామూలుగా తిప్పేస్తారు?"

"క్షమించండి..." అని నోటికొచ్చింది సయోకోకి. పక్కన పెద్దక్క కదలలేదు, చూడలేదు. సయోకో మళ్ళీ మొదలుపెట్టింది. "పడుతుంది. కాళ్ళు తిప్పుకుంటాం, చేతులు తిప్పం."

పడుతుందని ఆమెకి తెలియదు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం ఆమె బతుకులో అదే మొదటిసారి. అయినా చూపు దించలేదు.

"ఎర్ర పెన్సిలు చెరపాలంటే నాకు ఎవరిదైనా బాధ్యత కావాలి," అన్నాడు కితజుమే చివరికి. "రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి. ఎవరి పేరు రాసుకోను?"

"కరసావా మిత్సుయే." ఆమె సంచిలోంచి, సంతకానికి బదులు వేసే సొంత ముద్ర తీసి మూత విప్పింది. "ఎక్కడ వెయ్యాలి?"

బయటికొచ్చాక సయోకో అడిగింది. "పెద్దక్కా, జాగా లేకపోతే?"

"ఉందన్నావుగా."

"అన్నాను."

"అయితే వెతుకు."

వెతికింది. రెండు వారాలు వెతికింది. ఎవరూ పట్టించుకోని ఒక మేఘాన్ని, ఒక పేలుడులోని పొగని చిన్నవి చేసింది. ఒక రోబో వెనక తోకలా ఊగే పట్టీని ఊగకుండా ఆపింది. ఈ మధ్యలో రెండుసార్లు నాగిసాకి ఒళ్ళు వెచ్చబడి ఫోనొచ్చింది. ఆట అచ్చుకి వెళ్ళేనాటికి డోగారాన్ తెరకి అటు నిలబడ్డా ఇటు నిలబడ్డా కత్తి ఎడమచేత్తోనే దూసింది.

సకుమా ఎవర్నీ తిట్టలేదు. మరుసటి భాగానికి మనుషుల్ని పిలిచేటప్పుడు మాత్రం మిత్సుయేని పిలవలేదు. క్షమాపణలు వెనక్కి తెచ్చుకునే మనిషి ఉన్న చోటికి పని ఎవరిస్తారు, అన్నాడట ఎవరితోనో. ఆట చివర్లో పేర్లలో ఆమె ఉమెబోషిగానే ఉండిపోయింది. ఆమె ఊరికి వెళ్ళిపోలేదు. టోక్యోలోనే, నేరిమాలో పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే పని పట్టుకుంది. డోగారాన్ గురించి ఎవరైనా అడిగితే, వాడి చెయ్యి వాడికే ఉంది, అనేది.

ఆ చలికాలం ఒక ఆదివారం సయోకో అత్తగారు వచ్చారు. సంచిలోంచి తెల్లటి గాజుగుడ్డతో కుట్టిన చిన్న తొడుగు తీశారు. నాగిసా ఎడమచేతికి వేసి మణికట్టు దగ్గర ముడి వేయబోతూ, "తప్పు కాదమ్మా, పిల్ల మంచికే," అన్నారు. చాలా నెమ్మదిగా అన్నారు. ఆవిడ కూడా చెడ్డ మనిషి కాదు.

సయోకో నోట్లో ఆ పాత మాట సిద్ధంగా ఉంది. క్షమించండి అత్తయ్యా, నేనే ముందు అలవాటు చేయాల్సింది, అని. అది అనలేదు. తొడుగు తీసి మడిచి అత్తగారి సంచిలో పెట్టింది. "దానికి ఆ చెయ్యి కావాలి అత్తయ్యా," అంది. నాగిసా ఎడమచేత్తో గుమ్మడి ముక్క పట్టుకుని సగం తిని సగం చాప మీద పడేసింది. అత్తగారు ఆ వేళ ఎక్కువసేపు ఉండలేదు. వచ్చేవారం వస్తారో రారో అని సయోకో రాత్రంతా దిగులుపడింది. వచ్చారు. తొడుగు తేలేదు, మాట్లాడనూ లేదు. ఆ ఇంట్లో ఈ సంగతి ఇంకా తేలలేదు.

అప్పట్నుంచి శిశుకేంద్రం నుంచి ఫోను వస్తే సయోకో సంచి తీసుకుని, పిల్లకి జ్వరం, వెళ్తున్నాను అని చెప్పి మెట్లు దిగేది. అంతే చెప్పేది. పెద్దక్క తన బల్ల ఖాళీ చేసుకున్న రోజు, గళ్ళ కాగితాలు అట్టపెట్టెలో సర్దుకుంటూ చెప్పిన మాట ఇది:

"అవతలివాళ్ళు నోరు తెరిచేదాకా ఆగు. తెరిచాక, నిజంగా ఏం అడుగుతున్నారో విను. అప్పటికీ తప్పు నీదే అయితే శుభ్రంగా వంగు, సిగ్గేం లేదు. పిల్ల తరఫున మాత్రం వంగకు. దాని తప్పులకి అది పెద్దయ్యాక అదే వంగుతుంది."